పంక్ బ్యాండ్ టూర్ టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రపరచుకోవడం ఎలా

2005 డిసెంబరులో మా అన్నయ్య పంక్ బ్యాండ్ (పంక్ అంటే వేగంగా, బిగ్గరగా వాయించే ఒక రకం రాక్ సంగీతం) హైదరాబాద్ నుంచి బయలుదేరి విశాఖపట్నం, విజయవాడ, చెన్నై, బెంగళూరు తిరిగి పన్నెండు రోజులకు ఇల్లు చేరింది. వాయించేవాళ్లు నలుగురు, నేను ఐదోవాణ్ని. నాకు ఏ వాయిద్యమూ రాదు కాబట్టి మా బాబాయిని బతిమాలి తెచ్చిన హ్యాండీక్యామ్‌ను నా చేతిలో పెట్టారు. ఆ పన్నెండు రోజుల్లో పదకొండు మినీడీవీ టేపులు నిండాయి. తిరిగి వచ్చాక రెండు పాటలు చూసుకుని సంతోషించి, టేపులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి బీరువాలో అమ్మ చీరల వెనుక దాచాము. పద్దెనిమిదేళ్లు అవి అక్కడే ఉండిపోయాయి. డ్రమ్స్ వాయించిన స్నేహితుడు చనిపోయిన నెల తరువాత వాళ్ల అమ్మగారు మా ఇంటికి వచ్చి, "మావాడు మాట్లాడింది ఏమైనా ఉందా నాయనా, వాయించింది కాదు, మాట్లాడింది" అని అడిగారు. ఆ రోజు సాయంత్రమే డబ్బా బయటికి తీశాము. ఆ పదకొండు టేపులనూ కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో నేను నేర్చుకున్నది, ఇలాంటి టేపులు ఇంట్లో ఉన్నవారికి పనికొచ్చేలా ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది పని క్రమం గురించి. ప్రతి టేపునూ మొదటి సెకను నుంచి చివరి సెకను వరకు, ఏమీ వదలకుండా, ఏమీ కత్తిరించకుండా ఎక్కించుకోవాలి. ఏది బాగుంది, ఏది అనవసరం అన్న నిర్ణయాలన్నీ ఆ తరువాతే. చాలామంది దీనికి విరుద్ధంగా, స్టేజి మీద పాడిన పాటలను మాత్రమే ఏరుకుని మిగిలింది వదిలేస్తారు. పంక్ పాట రెండు నిమిషాలు ఉంటే గొప్ప, ప్రదర్శన మొత్తం అరగంట దాటడం అరుదు. టూర్‌లో రోజుకు మిగిలిన ఇరవై మూడున్నర గంటలు రైలు బెర్తులలో, సౌండ్ చెక్ కోసం నిరీక్షించడంలో, టిఫిన్ సెంటర్ల ముందు, అలకల్లో, నిద్రలో గడుస్తాయి. పాటలు ఏదో ఒక డెమోలో ఎలాగూ ఉంటాయి, ఈ మిగతా జీవితం మాత్రం టేపులో తప్ప మరెక్కడా ఉండదు. న్యూయార్క్‌కు చెందిన రామోన్స్ బృందం 1974 నుంచి 1996 వరకు రెండు వేలకు పైగా ప్రదర్శనలు ఇచ్చింది. ఆ బృందాన్ని మొదలుపెట్టిన నలుగురూ 2001కీ 2014కీ మధ్య ఒకరి తరువాత ఒకరు కన్నుమూశారు. వాళ్లతో డ్రమ్స్ వాయించిన మార్కీ రామోన్ పర్యటనల్లో సొంత కెమెరాతో తీసుకున్న హోమ్ వీడియోలే 2004లో విడుదలైన ఒక డాక్యుమెంటరీకి ప్రధానమైన ఆధారం అయ్యాయి. అవి తీసినప్పుడు ఆయన సరదాకే తీసి ఉంటారని నేను అనుకుంటాను, ఎందుకంటే మనమంతా అలాగే తీశాము.

టేపును కెమెరాలో పెట్టే ముందు

మీ దగ్గర ఉన్నది ఏ రకం టేపో తేల్చుకోవడం మొదటి పని. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండి, లోపలి రిబ్బన్ 6.35 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే అది మినీడీవీ. 1995 తరువాత వచ్చిన ఈ రకంలో బొమ్మ అంకెల రూపంలోనే నమోదవుతుంది కాబట్టి, దాన్ని చెక్కుచెదరకుండా ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి తెచ్చుకోవచ్చు. ఆడియో క్యాసెట్ అంత పరిమాణంలో, కొంచెం మందంగా ఉండేవి వీడియో8, హై8, డిజిటల్8 టేపులు. పుస్తకమంత పెద్దది వీహెచ్‌ఎస్. ఒక బ్యాండ్ దగ్గర సాధారణంగా ఇవన్నీ కలగలిసి ఉంటాయి, ఎందుకంటే ఏ ఊళ్లో ఎవరి కెమెరా దొరికితే దానితోనే తీసి ఉంటారు.

తరువాత ప్రతి టేపుకూ ఒక అంకె ఇవ్వండి. పాత లేబుల్‌ను పీకేయవద్దు, దాని పక్కన చిన్న స్టిక్కర్ మీద అంకె మాత్రమే రాయండి. మా టేపు ఒకదాని మీద "బెంగ్లూర్ 2, చెరపొద్దు, ఒట్టు" అని బేసిస్టు (బేస్ గిటారు వాయించేవాడు) చేతిరాత ఉంది, అది కూడా ఆ టూర్‌లో భాగమే. లేబుల్‌ను ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. మినీడీవీ టేపు వెనుక అంచున ఉండే చిన్న మీటను సేవ్ వైపుకు జరపండి. వీహెచ్‌ఎస్ అయితే వెనుక ఉన్న ప్లాస్టిక్ పలకను విరిచేయండి. ఒక్క బటన్ పొరపాటున నొక్కినందువల్ల విజయవాడ ప్రదర్శన మీద మీ గది గోడ రికార్డు కావడం కంటే బాధాకరమైనది ఉండదు.

మన ప్రాంతంలో టేపుకు అసలు శత్రువు బూజు. ఏప్రిల్, మే నెలల ఎండ రిబ్బన్‌ను ముడుచుకునేలా చేస్తుంది, ఆ వెంటనే వచ్చే వానాకాలపు తేమ దాని మీద బూజు పెంచుతుంది. టేపు కిటికీలోంచి లోపలి చుట్టను వెలుగులో వంచి చూడండి. నల్లగా, నున్నగా, అద్దంలా మెరిస్తే మంచిదే. అంచుల మీద తెల్లటి పొడి గానీ బూడిదరంగు నూగు గానీ కనిపిస్తే ఆ టేపును వెంటనే జిప్ కవర్లో పెట్టి విడిగా ఉంచండి, ఎట్టి పరిస్థితుల్లోనూ కెమెరాలో పెట్టవద్దు. దాన్ని ఒక్కసారి ఆడిస్తే బూజు కెమెరాలో టేపును చదివే హెడ్ మీదికి ఎక్కి, ఆ తరువాత పెట్టిన ప్రతి మంచి టేపుకూ అంటుకుంటుంది, పైగా రిబ్బన్ చిరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. బూజు పట్టిన టేపులను విప్పి శుభ్రం చేయడం చేయి తిరిగినవారి పని. 2020 అక్టోబరు హైదరాబాద్ వరదల్లో నీళ్లు చేరిన ఇళ్లలో నానిపోయిన టేపుల విషయమూ అంతే. వాటిని ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం రెండూ చేటు చేస్తాయి.

కెమెరా, తీగ, కంప్యూటర్

వీలైతే ఏ కెమెరాతో తీశారో అదే కెమెరాలో టేపును ఆడించాలి. ప్రతి కెమెరా హెడ్‌లకూ తమవైన చిన్న చిన్న వంకర్లు ఉంటాయి, తీసిన కెమెరాకు తన వంకర తనకు తెలుసు. అరవై నిమిషాల టేపులో తొంభై నిమిషాలు పట్టేలా లాంగ్ ప్లేలో తీసిన టేపుల విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, ఎందుకంటే అందులో గీతలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి వేరే కెమెరా తరచుగా వాటిని సరిగా చదవలేకపోతుంది. మా బాబాయి కెమెరా ఇంకా పిన్ని దగ్గరే ఉంది, కాకపోతే టేపు పెట్టే తలుపు మూసుకోవడం లేదు. కోఠి గుజరాతీ గల్లీ దగ్గర పాత ఆడియో, వీడియో సామాను బాగుచేసే పెద్దాయన ఒకరు అరగంటలో దాన్ని సరిచేసి ఇచ్చారు.

సొంత కెమెరా లేకపోతే ముందు చుట్టాల ఇళ్లలో వాకబు చేయండి. ఆ రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన ప్రతివాళ్లూ ఒక హ్యాండీక్యామ్ తెచ్చినవాళ్లే. ఆ తరువాత అబిడ్స్ జగదీష్ మార్కెట్ చుట్టుపక్కల పాత కెమెరాల దుకాణాల్లో అడగండి. పెళ్లి వీడియోలు తీసే పాత స్టూడియోలు కూడా మంచి మార్గమే, మినీడీవీ కాలంలో నగరంలోని పెళ్లిళ్లన్నీ ఈ టేపుల మీదే నడిచాయి కాబట్టి పనిచేసే యంత్రాలు వాళ్ల మూలల్లో ఇంకా ఉన్నాయి. ఎక్కడ కొన్నా, అద్దెకు తెచ్చుకున్నా, మొదట పనికిరాని టేపు ఒకటి పెట్టి పది నిమిషాలు ఆడించి, బయటికి తీసి, రిబ్బన్ నలగలేదని చూసుకున్నాకే అసలు టేపు పెట్టండి.

కెమెరాను కంప్యూటర్‌కు కలిపే తీగ విషయంలో చాలామంది మోసపోతారు. కెమెరా మీద యూఎస్‌బీ రంధ్రం కనిపించగానే అందులోంచి వీడియో వస్తుందనుకుంటారు. ఆ కాలపు చాలా కెమెరాల్లో అది ఫొటోల కోసం, లేదా నాసిరకం వీడియో కోసం పెట్టినది. టేపులో ఉన్నది ఉన్నట్టు రావాలంటే ఫైర్‌వైర్ అనే తీగ కావాలి, సోనీ వాళ్లు దీన్నే ఐలింక్ అన్నారు. కెమెరా వైపు నాలుగు పిన్నుల చిన్న మొన, కంప్యూటర్ వైపు సాధారణంగా ఆరు పిన్నుల మొన (పాత ల్యాప్‌టాప్‌లలో తరచుగా నాలుగు పిన్నులదే) ఉంటాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ రంధ్రమే లేదు. డెస్క్‌టాప్ ఉంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతికి ఒక ఫైర్‌వైర్ కార్డు తెచ్చి బిగించుకోవచ్చు, లేదా ఐలింక్ రంధ్రం ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను ఈ ఒక్క పని కోసం బతికించుకోవచ్చు. మేము రెండో దారి పట్టాము. మాక్ వాడేవారు థండర్‌బోల్ట్ అడాప్టర్లు ఒకదానికొకటి తగిలించి కలపవచ్చు గానీ, 2025లో వచ్చిన మాక్‌ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్ పనిచేయదు కాబట్టి పాత వెర్షన్ ఉన్న యంత్రమే కావాలి. తీగను తగిలించేటప్పుడు కెమెరా ఆపి ఉండాలి, ఆరు పిన్నుల మొనను తిరగేసి బలవంతంగా గుచ్చితే కెమెరా లోపలి చిప్ కాలిపోతుంది.

హై8, వీడియో8 టేపులకు ఒక మంచి ఉపాయం ఉంది. 1999 నుంచి వచ్చిన డిజిటల్8 కెమెరాల్లో చాలావరకు పాత హై8 టేపును కూడా చదివి, అదే ఫైర్‌వైర్ తీగ ద్వారా డీవీగా, అంటే మినీడీవీ టేపులో ఉండే అంకెల రూపంలోనే, పంపగలవు. వీహెచ్‌ఎస్‌కు ఆ సౌకర్యం లేదు, వీసీఆర్‌నుంచి, బొమ్మను కంప్యూటర్ ఫైలుగా మార్చే క్యాప్చర్ పరికరం ద్వారానే రావాలి. అన్నిటికంటే చౌకగా దొరికే యూఎస్‌బీ పరికరాలు ఫ్రేములను మధ్యమధ్యలో వదిలేస్తాయి, దానివల్ల అరగంట గడిచేసరికి డ్రమ్ము మీద కర్ర పడిన క్షణానికీ చప్పుడుకూ పొంతన ఉండదు. టైమ్ బేస్ కరెక్టర్ (వణికే బొమ్మను సర్ది నిలకడగా పంపే భాగం) ఉన్న వీసీఆర్ సంపాదించగలిగితే ఆ కష్టం చాలావరకు తీరుతుంది. మీ టేపులన్నీ వీహెచ్‌ఎస్ అయితే ఆ ఖర్చుకు వెనుకాడవద్దు.

ఎక్కించడం

టేపును గదిలోకి తెచ్చిన వెంటనే ఆడించవద్దు. ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి తెస్తే కెమెరా లోపల తేమ పడుతుంది, హెడ్‌లు బిగించి ఉండే, లోపల తిరిగే తడి డ్రమ్ముకు రిబ్బన్ అతుక్కుంటుంది. గంటా రెండు గంటలు అదే గదిలో కెమెరానూ టేపునూ పక్కపక్కన ఉంచండి. ఆ తరువాత టేపును చివరి వరకు ముందుకు తిప్పి, మళ్లీ మొదటి వరకు వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి ఒకే బిగువులో ఉన్న చుట్ట దీంతో సర్దుకుంటుంది. కెమెరాను బ్యాటరీ మీద కాకుండా కరెంటు అడాప్టర్ మీద నడపండి, ఆ అడాప్టర్‌ను యూపీఎస్‌కు తగిలించండి. టేపు తిరుగుతుండగా కరెంటు పోతే రిబ్బన్ హెడ్ చుట్టూ అలాగే బిగుసుకుని నిలిచిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టనవసరం లేదు. విండోస్‌లో విన్‌డీవీ, లినక్స్‌లో డీవీగ్రాబ్ ఉచితంగా దొరుకుతాయి, విండోస్ 10, 11లలో పాత 1394 (ఫైర్‌వైర్) డ్రైవర్ వేసుకోవలసి రావచ్చు. దెబ్బతిన్న టేపులకు డీవీరెస్క్యూ అన్న ఉచిత సాధనం మేలైనది. అది ఏ ఫ్రేములో ఎంత పోయిందో లెక్క చూపిస్తుంది, ఒకే టేపును మూడు నాలుగు సార్లు ఎక్కించి ఇస్తే ప్రతిసారి బాగా వచ్చిన ముక్కలను కలిపి ఒకే మంచి ఫైలు తయారుచేస్తుంది. ఏది వాడినా, వచ్చే ఫైలు డీవీ రూపంలోనే ఉండాలి. గంటకు సుమారు 13 జీబీ అవుతుంది, మా పదకొండు టేపులకు 140 జీబీ పట్టింది. ఇప్పటి డిస్కులకు అది లెక్కలోకే రాదు. స్థలం కలిసొస్తుందని ఈ దశలోనే కుదించిన ఎంపీ4గా మార్చుకోవడం ఎన్నటికీ తిరిగిరాని నష్టం.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొదట తొందరలో రెండు టేపులను ఒక దుకాణంలో ఇచ్చాను. వారం తరువాత వాళ్లు ఒక డీవీడీ ఇచ్చారు. అందులో బొమ్మ కుదించి ఉంది, నల్లగా ఉన్న భాగాలన్నీ "ఖాళీ" అనుకుని తీసేశారు, మొదట్లో గులాబీ పూల మధ్య మా బ్యాండ్ పేరు తిరుగుతూ వచ్చింది. వాళ్లు తీసేసిన ఖాళీ నిజానికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దీపాలు ఆర్పేశాక నలుగురూ తక్కువ గొంతుతో రేపటి పాటల వరస గురించి వాదించుకున్న పదకొండు నిమిషాలు. బొమ్మ లేదు, మాటలున్నాయి. డ్రమ్స్ వాయించిన స్నేహితుడు అందరికంటే ఎక్కువ మాట్లాడింది అక్కడే. టేపులు మా దగ్గరే ఉన్నాయి కాబట్టి మళ్లీ ఎక్కించుకోగలిగాము. మీరు పనిని బయటికి ఇవ్వవలసి వస్తే, కత్తిరింపులూ పేర్లూ సంగీతమూ ఏవీ లేని ముడి డీవీ ఫైలు కావాలని, హార్డ్‌డిస్కు మీరే ఇస్తారని ముందే కాగితం మీద రాసి ఇవ్వండి.

టేపు నడుస్తుండగా దగ్గర కూర్చోండి. తెర మీద అడ్డంగా పట్టీలు పట్టీలుగా గళ్లు కనిపిస్తే రెండు హెడ్‌లలో ఒకటి మురికి పట్టిందని అర్థం. వెంటనే ఆపి, పొడి హెడ్ క్లీనింగ్ క్యాసెట్‌ను పది సెకన్లు మాత్రమే ఆడించి, టేపును కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. ఆ క్యాసెట్ హెడ్‌ను గీకి శుభ్రం చేస్తుంది కాబట్టి అలవాటుగా, అవసరం లేకుండా వాడకూడదు. అక్కడొకటి ఇక్కడొకటి గళ్లు మెరిస్తే అది టేపులోని దెబ్బ, దాన్ని నోట్ చేసుకుని ముందుకు సాగండి.

టేపు ఎక్కడ ముగుస్తుందో తొందరపడి తేల్చవద్దు. మా తొమ్మిదో టేపు చెన్నై ప్రదర్శనతో మొదలై, ఇరవై రెండో నిమిషంలో ఉన్నట్టుండి మా చెల్లెలి ఓణీల ఫంక్షన్‌గా మారిపోయింది. కెమెరా తిరిగి ఇచ్చాక పిన్నివాళ్లు మా టేపునే వాడేసుకున్నారు. అన్నయ్య నిట్టూర్చి ఆపేయమన్నాడు. నేను నడవనిచ్చాను. యాభై మూడో నిమిషంలో ఫంక్షన్ అయిపోయింది, తెర నీలంగా మారింది, నాలుగు సెకన్ల తరువాత చెన్నై మళ్లీ వచ్చింది. ప్రదర్శన ముగిసి ఖాళీ అయిన హాలు, నేల మీద తొక్కిన కాగితపు కప్పులు, డ్రమ్ముల ముందు ఒక్కడే కూర్చుని అరచేతి బొబ్బకు ప్లాస్టర్ చుట్టుకుంటున్న మా స్నేహితుడు. నా వైపు చూడకుండానే, "ఇంకా తీస్తున్నావా, అయిపోయింది కదరా" అన్నాడు. కొత్త రికార్డింగ్ పాతదానికంటే పొట్టిదైతే, పాతదాని తోక టేపు చివర అలాగే మిగిలిపోతుంది. అందుకే నీలం తెర కనిపించినా, శబ్దం లేకపోయినా, టేపు తనంతట తాను ఆగేవరకు నడవనివ్వాలి. ఓణీల ఫంక్షన్‌ను కూడా విడిగా తీసి చెల్లెలికి ఇచ్చాము.

ఎవరు, ఎక్కడ, ఎప్పుడు

ఫైళ్లు వచ్చాక వాటికి పట్టిక లేకపోతే అవి బిస్కెట్ డబ్బాలో ఉన్నట్టే. ఒక స్ప్రెడ్‌షీట్‌లో టేపు అంకె, నిమిషం, తేదీ, ఊరు, చోటు, కనిపించేవాళ్లు, వినిపించే పాట లేదా మాట అన్న గడులు చాలు. ఫైలు పేరు తేదీతో, టేపు అంకెతో మొదలైతే అవి వాటంతట అవే వరసలో నిలబడతాయి. తేదీల విషయంలో డీవీ టేపు గొప్ప సహాయం చేస్తుంది. తెర మీద కనిపించకపోయినా, ప్రతి ఫ్రేముతో పాటు తీసిన తేదీ, గంట, నిమిషం, సెకను టేపులో నమోదై ఉంటాయి, డీవీరెస్క్యూ వంటి సాధనాలు వాటిని బయటికి తీసి చూపిస్తాయి. ముడి డీవీ ఫైలునే దాచుకోవాలనడానికి ఇదొక పెద్ద కారణం, ఎంపీ4గా మార్చితే సాధారణంగా ఈ వివరాలు పోతాయి. అయితే కెమెరా గడియారం సరిగా ఉన్నప్పుడే ఆ తేదీకి విలువ. మా కెమెరాలో లోపలి బ్యాటరీ అయిపోయి మొదటి నాలుగు టేపులూ 2000 జనవరిలో తీసినట్టు చూపించాయి. అన్నయ్య డైరీలో అంటించుకున్న రైలు టికెట్లతో సరిపోల్చి ఆ తేడాను లెక్కగట్టాము. టేపులోని అసలు తేదీని మార్చవద్దు, సరిచేసిన తేదీని పక్కన మరో గడిలో రాయండి.

పేర్ల కోసం బ్యాండ్ వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలి. మేము పద్మారావునగర్‌లో బేసిస్టు ఇంట్లో మూడు ఆదివారాలు కూర్చున్నాము. చూస్తున్నప్పుడు వాళ్లు మాట్లాడేదంతా ఫోనులో రికార్డు చేయండి, ఎందుకంటే తరువాత రాద్దామనుకున్న మాట తరువాతకు ఉండదు. వైజాగ్‌లో యాంప్లిఫయర్ ఇచ్చిన వ్యక్తి ఎవరో, సరిగ్గా ప్రదర్శనకు ముందు తెగిన గిటారు తీగను ఎవరి దగ్గర తెచ్చారో, ఏ పాటలో ఏ లైను అప్పటికప్పుడు మార్చి పాడారో వాళ్లకు బొమ్మ చూస్తేనే గుర్తొస్తుంది. ఒకరు చెప్పినదాన్ని మరొకరు కాదంటే రెండూ రాసుకోండి. వాళ్లు ఏదైనా చూసి మౌనంగా ఉండిపోతే గుచ్చి గుచ్చి అడగవద్దు, ఆ నిమిషం మాత్రం పట్టికలో గుర్తు పెట్టుకోండి.

చప్పుడు, బొమ్మ

ఇప్పుడు మాత్రమే ఎడిటింగ్ గురించి ఆలోచించాలి, అది కూడా నకలు మీద. పంక్ ప్రదర్శన టేపులో మొదటి ఇబ్బంది చప్పుడే. చిన్న హాలు, పెద్ద యాంప్లిఫయర్లు, పెళ్లి మాటల కోసం చేసిన కెమెరా మైకు. చప్పుడు మైకు తట్టుకోగలిగిన హద్దు దాటగానే ధ్వని తరంగం పైభాగం కత్తిరించినట్టు చదునైపోతుంది, ఒకసారి పోయిన ఆ కొస మళ్లీ రాదు. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లోని క్లిప్ ఫిక్స్ వంటి సాధనాలు ఆ కొసను ఊహించి గీస్తాయి, తేలికగా వాడితే చెవికి ఊరట, గట్టిగా వాడితే డ్రమ్స్‌లోని తాళాల (సింబల్స్) మోత తగరం డబ్బాలా వినిపిస్తుంది. కెమెరా తనంతట తాను శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండటంవల్ల పాట ఆగగానే జనం కేకలు ఉప్పెనలా లేస్తాయి. అలాంటి చోట్ల చేతితో కొద్దిగా తగ్గిస్తే చాలు. ఆ కేకలను పూర్తిగా తీసేయాలనుకోవడం పొరపాటు. స్టూడియోలో రికార్డు చేసిన పాటను తెచ్చి బొమ్మ మీద అతికించడం అంతకంటే పెద్ద పొరపాటు. ఆ రాత్రి పాడినవాడి గొంతు జీరపోయి ఉంటే, అది జీరపోయినట్టే వినిపించాలి.

అదే ప్రదర్శనను మరెవరైనా ఆడియో క్యాసెట్‌లో రికార్డు చేసి ఉంటే రెండూ కలపవచ్చు. క్యాసెట్ వేగం అటూఇటూ అవుతుంది కాబట్టి, మొదటి స్నేర్ (చురుకుగా మోగే చిన్న డ్రమ్ము) దెబ్బనూ చివరి స్నేర్ దెబ్బనూ రెండింటిలో పట్టుకుని మధ్య నిడివిని సాగదీయాలి. మన దేశపు డీవీ టేపులు సాధారణంగా 16 బిట్లు 48 కిలోహెర్ట్జ్‌లో గానీ, 12 బిట్లు 32 కిలోహెర్ట్జ్‌లో గానీ ఉంటాయి. ఒకే టేపులో రెండూ ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లలో మార్పు వచ్చిన చోటు నుంచి శబ్దం జారిపోతుంది, అప్పుడు ఆ చోట ఫైలును రెండుగా విడగొట్టి వాడుకోండి.

బొమ్మ విషయంలో ఒకే ఒక్క పెద్ద తప్పు జరుగుతుంటుంది. ఈ టేపుల్లో ఒక్కో ఫ్రేములో సగం గీతలు ఒక క్షణానివి, మిగతా సగం గీతలు సెకనులో యాభయ్యో వంతు తరువాతివి. అందువల్ల కంప్యూటర్‌లో నేరుగా చూస్తే, ఎగిరే మనిషి చేతులకు దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తాయి. వాటిని తొలగించేటప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు సగం క్షణాలను పారేసి సెకనుకు 25 ఫ్రేములు ఇస్తాయి. పంక్ వేదిక మీదా దాని ముందూ అంతా వేగమే కాబట్టి, సెకనుకు 50 ఫ్రేములు వచ్చేలా మార్చుకోండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాధనంలోని బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ ఆ పని చక్కగా చేస్తుంది, డీవీలో కింది గీతలు ముందు వస్తాయన్నది ఒక్కటి సరిచూసుకోండి. మన టేపుల కొలత 720, 576 చుక్కలు. దాన్ని 4:3 నిష్పత్తిలో చూపించాలి, టీవీ నిండాలని అడ్డంగా సాగదీస్తే అందరూ లావైపోతారు. యూట్యూబ్‌లో పెట్టేందుకు 1440, 1080కి పెంచితే కుదింపు తక్కువగా పడుతుంది. ముఖాలను కొత్తగా గీసే కృత్రిమ మేధ సాధనాల జోలికి మాత్రం వెళ్లవద్దని నా గట్టి మాట. ఒకసారి ప్రయత్నించాను. మా స్నేహితుడి ముఖం నున్నగా, స్పష్టంగా వచ్చింది, కానీ అది అతని ముఖం కాదు.

పదిమందికి చూపించే ముందు

బయట పెట్టే ముందు బ్యాండ్‌లోని ప్రతి ఒక్కరినీ, చనిపోయినవారి ఇంటివాళ్లనూ అడగండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ప్రదర్శన ఇచ్చినవారికి ఆ ప్రదర్శన మీద యాభై ఏళ్లు హక్కు ఉంటుంది, కెమెరా నాది కాబట్టి అంతా నాదే అనడానికి వీల్లేదు. ఇతరుల పాటలు పాడిన చోట ఆ పాట హక్కుదారుల అభ్యంతరం రావచ్చు. చట్టం కంటే ముందు చూడవలసింది మనుషులను. ఇరవై ఏళ్ల వయసులో హాస్టల్ గోడ దూకి ప్రదర్శనకు వచ్చినవాళ్లు, నిద్రలో నోరు తెరిచినవాళ్లు, తగువుపడి ఏడ్చినవాళ్లు ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులు. ముడి ఫైలులో అంతా ఉంచండి, బయట పెట్టే దానిలో వాళ్లు వద్దన్నది ఉంచకండి.

ముడి ఫైళ్లు మూడు చోట్ల ఉండాలి. రెండు వేర్వేరు కంపెనీల హార్డ్‌డిస్కుల మీద ఒక్కో నకలు, అందులో ఒకటి వేరే ఊళ్లో, మూడోది క్లౌడ్‌లో. మా రెండో డిస్కు విజయవాడలో అక్కయ్య ఇంట్లో ఉంది. 2006లో రాసిన మా డీవీడీలు ఇప్పుడు ఏ డ్రైవులోనూ తెరుచుకోవడం లేదు కాబట్టి డిస్కుల మీద రాసి మరిచిపోవడాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ప్రతి ఫైలుకూ ఒక చెక్‌సమ్ (ఫైలులో ఏమాత్రం మార్పు వచ్చినా మారిపోయే గుర్తు సంఖ్య) తయారుచేసి పట్టికలో రాసుకుంటే, ఏడాది తరువాత ఫైలు మారలేదని రూఢి చేసుకోవచ్చు. మేము దసరాకు ఆయుధపూజ రోజున గిటార్లు, డ్రమ్ములు తుడిచి బొట్టు పెట్టేటప్పుడు డిస్కులను కూడా తగిలించి సరిచూస్తాము. వానాకాలం అప్పుడే వెళ్లిపోతుంది కాబట్టి టేపుల తనిఖీకి కూడా అది సరైన సమయం. ఎక్కించడం అయిపోయింది కదా అని టేపులు పారేయవద్దు. మొదటికి తిప్పి, పుస్తకాల్లా నిలువుగా పెట్టి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో, బీరువా లోపలి అరలో ఉంచండి. అటక మీద, డాబా కింది ఎండ వేడిలో వద్దు.

ఇక ఇంటివాళ్ల కోసం చేసే నకలు. ఇది మాత్రం ఎంపీ4లో, హెచ్.264లో ఉండాలి, ఎందుకంటే వాళ్లు చూసేది టీవీకి పెన్‌డ్రైవ్ తగిలించి. చాలా పెన్‌డ్రైవ్‌లు ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటాయి, అందులో 4 జీబీ కంటే పెద్ద ఫైలు పట్టదు కాబట్టి ఊరికొక ఫైలు చొప్పున విడగొట్టండి. రిమోట్‌తో వెతుక్కోవడం పెద్దవాళ్లకు కష్టం, వాళ్లకు కావలసింది అన్నిటికంటే పైన ఉండేలా ఫైలు పేరు సున్నాతో మొదలుపెట్టండి. మా స్నేహితుడి అమ్మగారి పెన్‌డ్రైవ్‌లో మొదటి ఫైలు నాంపల్లి స్టేషన్‌ది, నిడివి రెండు నిమిషాల పది సెకన్లు. గోదావరి ఎక్స్‌ప్రెస్ కదలబోతుంటే ఆవిడ కిటికీలోంచి స్టీలు క్యారియర్ అందిస్తూ, "డ్రమ్ములు తరువాత, ముందు పులిహోర తినండిరా" అంటారు. లోపలి నుంచి, బొమ్మలో ఎక్కడా కనిపించకుండా, "తింటాంలే అమ్మా, నువ్వెళ్లు, ఎండగా ఉంది" అని అతని గొంతు. రెండో ఫైలు దీపాలు ఆర్పేశాక మాట్లాడుకున్న ఆ పదకొండు నిమిషాలు. బొమ్మ నల్లగా ఉంటే టీవీ పాడైందని అనుకోకుండా, తెర కింద ఎవరు మాట్లాడుతున్నారో తెలుగు అక్షరాల్లో పేర్లు వేశాము.